నెగడు మహారాజుది ఏ కులం?

ఈ మధ్య నెల్లూరులో ఒక పుస్తకాల సభకు పిలిస్తే వెళ్ళాను. రాజులు, కోటలు, మాయలు, యుద్ధాలు ఉండే పెద్ద పెద్ద కల్పిత నవలలు రాయాలనుకునే పిల్లలు నా చుట్టూ చేరారు. ఒకమ్మాయి తను కల్పించిన దేశానికి రంగుల పటం గీసుకొచ్చింది. ఒకబ్బాయి తన రాజ్యానికి ప్రత్యేకంగా ఒక భాష, దానికి లిపి కూడా తయారు చేశాడు. కథ ఏమిటి నాయనా అని అడిగితే, "ఇంకా అనుకోలేదు సార్" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పక్కనున్నవాళ్ళు నవ్వారు కానీ నాకు కోపం వచ్చింది. వాళ్ళ మీద కాదు. ఈ పని ఏమిటో వాళ్ళకు ఇంతవరకూ ఎవరూ చెప్పనందుకు. పటం ఎలా గీయాలో చెప్పే వీడియోలు ఫోన్లో కావలసినన్ని ఉన్నాయి. ఇక్కడ, ఈ జనం మధ్య కూర్చుని ఒక రాజును పుట్టిస్తే ఏం జరుగుతుందో చెప్పేది ఒక్కటీ లేదు.

అందుకని రాస్తున్నాను. నా పేరు మస్తాన్. మాది విడవలూరు. "ఉప్పుకోట" అనే నవల అయిదు భాగాలుగా రాశాను. నా నడివయసంతా దానికే పోయింది. ఎన్ని ముద్రణలు పడ్డాయి, ఎవరెవరు శాలువాలు కప్పారు అనే గొడవ ఇక్కడ ఎత్తను. శాలువాలు బీరువా నిండా ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే పట్టుకుపోవచ్చు.

మంచు

మొదటి భాగం ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అప్పటికి వారపత్రికలు ఇంకా ఊపిరితో ఉన్నాయి. ఆ పత్రిక ఎడిటర్ మంచివాడు, ఎవరొచ్చినా టీ ఇప్పించకుండా పంపేవాడు కాదు. నా మొదటి అధ్యాయాలు చదివి, "కథ బాగుందయ్యా. మంచు ఎక్కడ?" అని అడిగాడు.

"మంచు దేనికి సార్? ఇది సముద్రం ఒడ్డు కథ."

"ఇలాంటి కథల్లో మంచు ఉండాలయ్యా. కొండలు, మంచు, కంబళి కప్పుకున్న రాజు. అవి లేకపోతే చదివేవాడికి వేరే లోకంలో ఉన్నట్టు ఎలా అనిపిస్తుంది?"

నేను పుట్టిన దగ్గర్నుంచీ మంచుగడ్డ చూసింది సోడా అంగట్లోనే. అయినా అచ్చవుతుందన్న ఆశ కొద్దీ, రాజు మంచుకొండ దాటే అధ్యాయం ఒకటి రాసి ఇచ్చాను. పత్రిక వచ్చింది. కంబళి కప్పుకున్న రాజు, గుర్రం, దాని కాళ్ళ కింద మంచు, వెనకాల రెండు తాటిచెట్లు. మా ఇంటామె ఖాసింబీ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ముంజకాయలు ఐసులో పెట్టి అమ్ముతుండారా?" అని అడిగింది.

బొమ్మ వేసినాయనను ఏమీ అనలేను. మిగిలిన కథంతా ఆయనకు తాటిచెట్లే చూపించింది మరి. పుస్తకంగా వేసినప్పుడు ఆ అధ్యాయం పీకేశాను. ఇప్పటి పిల్లలు కూడా వాళ్ళ రాజులకు చలిమంటలు వేస్తున్నారు, పూటకూళ్ళ ఇళ్ళల్లో వేడి వేడి మాంసం పులుసు తాగిస్తున్నారు. మా దగ్గర మే నెలలో కోటగోడ మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. ఆ గోడ మీద కాపలా కాసేవాడి కథ ఎవరూ రాయరు. ఎవరో చూసిన లోకాన్ని ఎరువు తెచ్చుకుని దానికి కల్పన అని పేరు పెడితే నాకు ఒళ్ళు మండుతుంది.

పేర్లు

ఉప్పుకోట కథ ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. ఒక ఏరు సముద్రంలో కలుస్తుంది. ఏటా ఇసుక మేట వేసి ఆ ముఖద్వారం మూసుకుపోతుంది. ఇసుక తవ్వి తెరిస్తే చేపలు లోపలికి వస్తాయి, ఉప్పు మళ్ళకు నీళ్ళు అందుతాయి, కానీ వరి మళ్ళల్లోకి ఉప్పునీళ్ళు ఎక్కుతాయి. తెరవకపోతే వరి బతుకుతుంది, సముద్రం మీద బతికేవాళ్ళు పస్తులుంటారు. ఎప్పుడు తెరవాలో రాజు చెప్పాలి. ఆ రాజు పేరు నెగడు. ఇసుక కింద నిద్రపోయే ఒక పాత శక్తి ఉంది, అది ప్రతి భాగంలోనూ లేస్తుంది. యుద్ధాలు, మాయలు అన్నీ ఉన్నాయి, కానీ అన్నిటికీ మూలం ఆ ఇసుకే.

ఇందులో కులం ఉండకూడదని నేను మొదటే గట్టిగా అనుకున్నాను. ఇంత కష్టపడి ఒక కొత్త లోకం కట్టి, అందులో కూడా ఆ మురికి దేనికి? అందుకని జనాలకు వాళ్ళు చేసే పనిని బట్టి పేర్లు పెట్టాను. మళ్ళు దున్నేవాళ్ళు మళ్ళవాళ్ళు. ఉప్పు పండించేవాళ్ళు ఉప్పువాళ్ళు. వల వేసేవాళ్ళు వలవాళ్ళు. చాలా తెలివిగా చేశాననుకున్నాను. పనికి పేరు పెడితే మన దేశంలో కులానికి పేరు పెట్టినట్టేనని ఉత్తరాలు రావడం మొదలయ్యాక గానీ నాకు తలకెక్కలేదు.

ఆ ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న. నెగడు మావాడేనా? కొందరు సూటిగా అడిగేవారు. కొందరు నాజూకుగా, "నెగడు మహారాజు వంశం గురించి ఇంకొంచెం వివరిస్తే బాగుండు" అని రాసేవారు. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి కొంతమంది ఇంటికే వచ్చి, వలవాళ్ళలో ఒక మాయగాణ్ణి ఎందుకు పెట్టావని నిలదీశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అని సామెత ఉంది. ఇక్కడ ఎవరూ దొంగ అనను కూడా అనలేదు.

నా సంగతీ అంతే. మా నెల్లూరు వైపు మస్తాన్ అనే పేరు అన్ని మతాల వాళ్ళూ పెట్టుకుంటారు. మస్తానయ్యలు ఉన్నారు, మస్తానమ్మలు ఉన్నారు. పుస్తకం మీద ఒట్టి మస్తాన్ అని చూసి నేను ఎవరో తేల్చుకోలేక సతమతమైనవాళ్ళు చాలామంది. ఒకాయన ఫోన్ చేసి, "తమరు మస్తానయ్య గారా, మస్తాన్ సాయిబు గారా?" అని అడిగాడు. దానికీ నెగడుకూ ఏం సంబంధమని అడిగితే, "ఊరికే, తెలుసుకుందామని" అన్నాడు. ఈ దేశంలో ఊరికే తెలుసుకునేది ఏదీ ఉండదు.

కొడవలూరు దగ్గర ఫ్లెక్సీ

మూడో భాగం వచ్చిన ఏడు, నెల్లూరు నుంచి బస్సులో వస్తుంటే కొడవలూరు దగ్గర హైవే పక్కన ఒక పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. మీసాలు, కిరీటం, చేతిలో కత్తి. కింద "మన జాతి సింహం శ్రీ నెగడు మహారాజు" అని రాసుంది. చుట్టూ గుండ్రటి బొమ్మల్లో సంఘం పెద్దల ముఖాలు. ఎండలో అందరూ నల్లకళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. నేను వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, రొయ్యల గుంటల మోటార్ల మోతలో పుట్టించిన మనిషి. వాడికి జాతి దొరికింది.

ఏ జాతో చెప్పను. చెప్తే ఇది చదివేవాళ్ళలో సగం మంది ఓహో అంటారు, మిగతా సగం నా మీద పడతారు.

ఆ ఫ్లెక్సీ వేయించింది రమణయ్య గారు. కొడవలూరు వైపు వరి రైతు, వాళ్ళ సంఘానికి పెద్ద. అంతకు ముందే నాకు తెలుసు, మొదటి సీరియల్ నుంచీ నా పాఠకుడు. ప్రతి భాగం వచ్చాక ఫోన్ చేసి, ఏ ఘట్టంలో ఏముందో నాకే అప్పజెప్పేవాడు. అంత శ్రద్ధగా చదివే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది. బస్సు దిగి నేరుగా ఆయన ఇంటికి వెళ్ళాను.

"రమణయ్య గారూ, నెగడు మీవాడని ఎవరు చెప్పారు?"

ఆయన నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. "మీరే చెప్పినారు స్వామీ. రెండో భాగంలో."

"నేనా?"

"నెగడు పెళ్ళప్పుడు వాళ్ళమ్మ పరుపుకి ఆఖరి కుట్టు ఏస్తది గదా. ఆ ఆచారం మా ఇండ్లలో తప్ప ఇంకెవురికీ లేదు. మా అమ్మ ఏసింది, మా నాయనమ్మ ఏసింది. మా ఇంటి గుట్టు మీకెట్ట తెలిసిందబ్బా అని ఆ రోజు నేను పుస్తకం మూసేసి కూసున్నా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయనా, వాళ్ళ నాన్నా పెళ్ళి పరుపు కుట్టినప్పుడు ఒక మూల ఆఖరి కుట్టు వేయకుండా వదిలేవాళ్ళు. పెళ్ళివారింటి పెద్దావిడ ఆ కుట్టు వేసి దారం తెంపాలి. అది మా ఇంటి ఆచారం. మా నాన్న పరుపు నెత్తిన పెట్టుకుని ఎన్ని ఊళ్ళు తిరిగాడో అన్ని ఊళ్ళకూ దాన్ని మోసుకెళ్ళాడు.

"మీ ఇంటికి ఆ పరుపు ఎవరు కుట్టి తెచ్చారండీ?" అని అడిగాను.

"ఎవురో సాయిబు. విడవలూరు నుంచి వచ్చేవాడు."

"ఆయన మా నాన్న అయ్యుంటాడు. ఆ ఆచారం మాది."

రమణయ్య గారు నా భుజం తట్టి, "అయితే మీరు గూడా మావాడే" అన్నాడు. నిజంగా ప్రేమతోనే అన్నాడు. ఫ్లెక్సీ మాత్రం తీయలేదు.

ప్రసన్న

నాలుగో భాగంలో నెగడు కూతురు మిన్నేరు, ఉప్పువాళ్ళ కుర్రాడు తొగరు ఒకరినొకరు ఇష్టపడతారు. సంగతి నెగడుకు తెలియడంతో ఆ భాగం ఆగుతుంది. ఆ పుస్తకం వచ్చిన కొద్ది రోజులకు ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు ప్రసన్న, విడవలూరు దగ్గర బళ్ళో టీచరు. రమణయ్య గారి కూతురు.

నేను రమణయ్య గారింటికి వెళ్ళినప్పుడు ఈ అమ్మాయి మాట ఆయన ఎత్తలేదు. ఎందుకో ఆమే చెప్పింది. ఆమె భర్త శ్రీహరి రొయ్యల గుంటల దగ్గర మోటార్లు బాగుచేస్తాడు. వాళ్ళది ఉప్పు మళ్ళల్లో పనిచేసే కుటుంబం. పెళ్ళి చేసుకున్న రోజు నుంచీ తండ్రి మాట్లాడలేదు.

"మొదటి భాగం నాన్నే నాకు చదివి వినిపించినాడు సార్. వారం వారం పత్రిక రాంగానే నన్ను పక్కన కూసోబెట్టుకోని చదివేవాడు. నెగడు మాట వచ్చినప్పుడల్లా గొంతు మార్చేవాడు."

"ఇప్పుడు అసలు మాట్లాడడా?"

"మాట్లాడడు. కానీ నాలుగో భాగం వచ్చిన రోజు అమ్మ ఫోన్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. పుస్తకం వచ్చినాది అని." కొంచెం ఆగి, "మా అమ్మకి చదవడం రాయడం తెలీదు సార్" అంది.

ఖాసింబీ లోపల్నుంచి వచ్చి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

"అయిదో భాగంలో నెగడు ఏం చేస్తాడో చెప్పమని అడగను సార్. చెప్పగూడదని నాకు తెలుసు. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. మా నాన్న దేవుడి మాటన్నా కాదంటాడేమో గానీ నెగడు మాట కాదనడు. మావాడని బోర్డు గూడా ఏయించినాడు గదా."

చదివేవాళ్ళ కోసం కథ మార్చేవాణ్ణి కాదు. మార్చాల్సిన అవసరం కూడా రాలేదు. నెగడు ఆ పెళ్ళి చేస్తాడని నాకు మొదటి భాగం నుంచీ తెలుసు. కానీ నాలుగు వాక్యాల్లో తేల్చేద్దామనుకున్నదాన్ని, ఆ అమ్మాయి వెళ్ళాక ఒక అధ్యాయం చేశాను. నిండు సభలో మంత్రులు లేచి, "ప్రభూ, ఈ కుర్రాడి పుట్టుక ఏమిటో అడగండి" అంటారు. నెగడు సింహాసనం దిగి, తొగరు చెయ్యి పట్టుకుని, "నేను అడగను. నా రాజ్యంలో ఇక మీదట ఎవరూ అడగకూడదు" అంటాడు. అంతే, నవల అక్కడ అయిపోతుంది. నేను రాసినవాటిలో నాకు నచ్చిన పేజీలు ఏవంటే అవే.

యాపిల్ పండ్లు

ఆ అధ్యాయం సంగతి రమణయ్య గారికి పుస్తకం రాకముందే తెలిసింది. మా పబ్లిషర్ వెంకటరత్నం గారికి నోట్లో నువ్వుగింజ నానదు. ఒకరోజు రమణయ్య గారు యాపిల్ పండ్లు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. బెదిరించడానికి వచ్చాడేమో అనుకుని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన పండ్ల సంచి ఒళ్ళోనే పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"నెగడు ఆ పని చేస్తాడా స్వామీ?" అని అడిగాడు చివరికి.

"చేస్తాడు."

"నిండు సభలోనా?"

"నిండు సభలోనే."

"నెగడు అట్ట చేస్తే నేనేం చేయాల?"

ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఏ విమర్శకుడూ అడగలేదు. నా పుస్తకాల మీద థీసిస్‌లు రాసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళూ అడగలేదు. ఒక కథ చదివి, ఇప్పుడు నేనేం చేయాలి అని అడిగిన మనిషి ఆయన ఒక్కడే.

"మీరూ చేయండి రమణయ్య గారూ. ఆయన మీవాడేనన్నారు కదా" అన్నాను.

"మా సంఘంలో నా మొహాన ఉమ్మేస్తారు."

"నెగడు మొహాన కూడా ఉమ్మేసేవాళ్ళు ఉన్నారండీ. అదే అధ్యాయంలో ఉన్నారు. రాశాను."

ఆయన లేచి, వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, "పుస్తకం రానీండి. చూద్దాం" అన్నాడు. ఖాసింబీ అంతా వింటూనే ఉంది. "ఆయన చేస్తాడు. చూస్తా ఉండు" అంది. నాకూ అలాగే అనిపించింది.

ఆఖరి ఫారం

నెల్లూరులో వెంకటరత్నం గారికి పుస్తకాల షాపు, వెనకాలే ప్రెస్సు ఉన్నాయి. ఫారం అంటే ఒకేసారి అచ్చుకు ఎక్కే పదహారు పేజీలు. అయిదో భాగం ఫారాలన్నీ ప్రూఫు చూసి ఇచ్చాను. చివరి ఫారం నా దగ్గరికి రాలేదు. అడిగితే, "మీ కళ్ళు పాడు చేసుకోబాకండి, మా పిల్లలు చూసేసినారు" అన్నాడు.

పుస్తకావిష్కరణ పెద్ద హాల్లో పెట్టారు. వేదిక మీద ఎవరో నా గురించి మాట్లాడుతున్నారు. నేను కొత్త పుస్తకం వాసన చూసి, అందరు రచయితల్లాగే ఆఖరి పేజీ తిప్పాను. అది నా ఆఖరి పేజీ కాదు. నెగడు "నేను అడగను" అన్న తర్వాత ఇంకా నాలుగు పేజీలు ఉన్నాయి. సభలోకి పొరుగు రాజ్యం నుంచి ఒక ముసలి దాది పరిగెత్తుకుంటూ వస్తుంది. తొగరు భుజం మీద గుడ్డ తొలగిస్తుంది. అక్కడ చంద్రవంక ఆకారంలో పుట్టుమచ్చ. "నాయనా, నువ్వు చిన్నప్పుడు ఏట్లో కొట్టుకుపోయిన మా రాకుమారుడివి" అని మూర్ఛపోతుంది. మంత్రులు చప్పట్లు కొడతారు. నెగడు ఆనందబాష్పాలు తుడుచుకుంటాడు.

నేను లేచి మైకు లాక్కున్నాను. "ఈ ఆఖరి నాలుగు పేజీలు నేను రాయలేదు" అన్నాను. హాలంతా చప్పట్లు. పక్కనున్న వక్త మైకు తీసుకుని, "చూశారా, సరస్వతి తన చేత రాయించిందని చెప్పుకునే వినయం" అన్నాడు. "వినయం కాదయ్యా, ఇది వేరేవాడు రాశాడు" అని నేను అరుస్తుండగానే వెంకటరత్నం గారు నా మీద శాలువా కప్పి, భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ముందు వరసలో రమణయ్య గారు, ఆఖరి పేజీ దగ్గర తెరిచిన పుస్తకం చంకలో పెట్టుకుని, లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. అంత ఆనందం ఆ ముఖంలో నేను ఎప్పుడూ చూడలేదు.

సభ అయ్యాక వెంకటరత్నం గారిని ప్రెస్సులో పట్టుకున్నాను. ఆ నాలుగు పేజీలు ఆయనే రాశాడట. కొంచెం గర్వంగానే చెప్పాడు.

"పెళ్ళి ఆపినానా మస్తాన్ గారూ? జరిపించినాను గదా. రేపు ఆ సంఘమోళ్ళు వచ్చి నా షాపు అద్దాలు పగలగొడితే మీరు కట్టిస్తారా? పాము చావకుండా కర్ర విరగకుండా చేసినాను. అయినా ఇందులో కొత్తేముంది? మన కథల్లో మామూలోణ్ణి ప్రేమించిన ఏ రాజకుమారికైనా ఆఖర్న వాడు రాకుమారుడు కాకుండా పోయినాడా?"

ఆయన అన్నదాంట్లో చివరి మాట నిజం. అది నిజమైనందుకే నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. తరతరాలుగా మన రాజుల కథలు చెప్పినవాళ్ళు, రాసినవాళ్ళు, ఆడినవాళ్ళు అందరూ ఈ పుట్టుమచ్చను దాచి పెట్టుకున్నారు. పేదవాడు గొప్పింటి పిల్లను చేసుకుంటే వినేవాళ్ళు కాసేపు సంబరపడాలి, ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఎవరి అరుగు మీద వాళ్ళే ఉండాలి. గాల్లో ఎగిరే గుర్రాన్ని నమ్ముతారు, మాట్లాడే ఇసుకను నమ్ముతారు. ఒక తండ్రి పుట్టుక అడగకుండా పిల్లనిచ్చాడంటే మాత్రం నమ్మరు. మీరు రాసే లోకంలో ఎన్ని మాయలైనా పెట్టుకోండి, దాది వస్తే మాత్రం తలుపు తీయకండి. ఆఖరి ఫారం ప్రెస్సులో కూర్చుని మీ కళ్ళతో మీరే చూసుకోండి.

కొత్త అచ్చు వేయించమని పోట్లాడాను. కుదరలేదు. అప్పటికే పుస్తకం ఊళ్ళు పట్టుకుపోయింది. పాఠకులకు ఆ ముగింపు బాగా నచ్చింది. దాది వచ్చిన చోట ఏడుపు ఆగలేదని రాసినవాళ్ళు లెక్కలేనంతమంది.

రెండు ముగింపులు

ప్రసన్న వచ్చింది. ఈసారి ఖాసింబీ మంచినీళ్ళు ఇచ్చినా తాగలేదు.

"నాన్న ఫోన్ చేసినాడు సార్. తన ఫోన్ నుంచే."

"ఏమన్నాడమ్మా?"

"మీ ఆయన తాతలు యాడ నుంచి వచ్చినారో కనుక్కో అన్నాడు. ఉప్పు మళ్ళకి రాకముందు ఏ ఊర్లో ఉండినారో, ఏమన్నా భూములుండినాయేమో, ఇంటిపేరు మారిందేమో కనుక్కో అన్నాడు. ఏదో ఒక దోవ దొరికితే ఇద్దర్నీ ఇంటికి రమ్మంటాడంట. అమ్మ గూడా పక్కనే ఉండాది, ఏడుస్తా ఉండాది."

"నువ్వేం చెప్పావు?"

"ముత్తాత కాడి నుంచీ అందరూ ఉప్పోళ్ళే నాయినా అని చెప్పినా. ఆయన భుజం మీద ఏమీ లేదు అని గూడా చెప్పినా. అంతే, ఫోన్ పెట్టేసినాడు."

ఖాసింబీ నా వైపు చూసింది. ఆ చూపు నేను భరించలేకపోయాను. నేను రాసిన అసలు అధ్యాయం చేతిరాత కాగితాలు తీసుకుని మర్నాడు ఉదయమే కొడవలూరు బస్సెక్కాను. కోతల రోజులు, రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. రమణయ్య గారు వాకిట్లోనే ఉన్నాడు. నన్ను చూసి సంతోషంగా ఎదురొచ్చాడు.

"మీకు ఒకటి చదివి వినిపించాలి" అన్నాను.

హాల్లో కూర్చున్నాం. ఆయన భార్య వంటింటి తలుపు దగ్గర నిలబడింది. నేను చదివాను. మంత్రులు లేవడం, పుట్టుక అడగమనడం, నెగడు మెట్లు దిగి రావడం, తొగరు చెయ్యి పట్టుకోవడం. ఎక్కడా ఆపకుండా చివరిదాకా చదివాను. దాది రాలేదు.

"ఆ రాజు మాట ఇంకోసారి చదవండి" అన్నాడు రమణయ్య గారు.

"నేను అడగను. నా రాజ్యంలో ఇక మీదట ఎవరూ అడగకూడదు."

ఆయన తల వంచుకుని విన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. తువ్వాలుతో తుడుచుకున్నాడు. టీవీ పక్కన అయిదు భాగాలూ వరుసగా పెట్టి ఉన్నాయి, మీద పసుపు కుంకుమ బొట్లు. వాటి వైపు చూశాడు.

"బాగా రాసినారు స్వామీ. కానీ ఇది మీరు రాసింది." చెయ్యి ఎత్తి పుస్తకాలు చూపించాడు. "నెగడు చేసింది అది."

తలుపు దగ్గర నిలబడిన ఆయన భార్య లోపలికి వెళ్ళిపోయింది. నేను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ తర్వాత కథ రాయలేదు.